మెదడు తరుగులో వయసు వాటా ఎంత?

అల్జీమర్స్ రోగుల్లో జ్ఞాపకాలకు కీలకమైన మెదడు భాగం హిప్పోకాంపస్ ఏడాదికి సగటున 4.66 శాతం తరుగుతుంది. పలు ఎంఆర్ఐ అధ్యయనాలను కలిపి 2009లో తేల్చిన లెక్క ఇది. దాని పక్కనే ఇంకో అంకె ఉంది: ఆరోగ్యంగా ఉన్న వృద్ధుల్లోనూ ఏటా 1.41 శాతం తరుగు.

ఒక మందు ఈ తరుగును పాతిక శాతం తగ్గిస్తుందని నిరూపించాలనుకుందాం. 4.66లో పాతిక శాతమా, వయసు వాటా పోగా మిగిలే 3.25లోనా? మందు రోగాన్ని నెమ్మదింపజేస్తుందేమో గానీ వయసును ఆపదు కాబట్టి రెండోదే సబబు. అయితే పట్టుకోవాల్సిన తేడా సగమైతే మనుషులు నాలుగు రెట్లు కావాలి. ఆ లెక్కన 4.66 బదులు 3.25 తీసుకుంటే రెట్టింపు పైచిలుకే. వంద మందితో సరిపోతుందనుకున్న ట్రయల్‌కు రెండొందలు దాటాలి. కంట్రోల్స్‌ను, అంటే పోలిక కోసం తీసుకునే ఆరోగ్యవంతులను, ఒకే ఒక్కసారి స్కాన్ చేసి పంపేస్తే ఈ తీసివేత చేయడానికే వీలుండదు. ఖర్చు మిగిలిందనుకోవడం భ్రమ.

2004లో అమెరికా, కెనడాల్లో మొదలైన అల్జీమర్స్ స్కాన్ల అధ్యయనం ఏడీఎన్ఐ ఈ తప్పు చేయలేదు. తొలిదశలో తీసుకున్న దాదాపు 800 మందిలో 200 మంది ఆరోగ్యవంతులే, వాళ్లనూ మళ్లీమళ్లీ పిలిచి స్కాన్ చేశారు. అయినా చిక్కు మరోచోట వచ్చింది. ఆ స్కాన్లను విశ్లేషించిన ఒక పద్ధతిలో ట్రయల్‌కు కావలసిన మనుషుల సంఖ్య నమ్మలేనంత చిన్నగా తేలింది. 2011లో పరిశోధకులు వెస్లీ థాంప్సన్, డొమినిక్ హాలండ్ దాన్ని చాలా తేలికైన పరీక్షకు పెట్టారు. ఆరు నెలలు, ఏడాది, రెండేళ్ల మార్పులను గీతగా గీసి వెనక్కి పొడిగిస్తే మొదటిరోజు దగ్గర సున్నాకు చేరాలి కదా. చేరలేదు! అంటే కాలం గడవకముందే మెదడు కొంత తరిగిపోయినట్టు లెక్క. మొదటి స్కాన్‌ను కదపకుండా ఉంచి రెండోదాన్నే దానికి సరిపెట్టడంలో పుట్టిన పక్షపాతమది. ఆ పద్ధతి తయారుచేసినవారు తర్వాత సరిదిద్దుకున్నారు. ఇప్పుడు చాలామంది ఒక మనిషి స్కాన్లన్నిటికీ మధ్యస్థంగా ఒక నమూనా కట్టి, అన్నిటినీ దానితోనే పోలుస్తారు.

ఇక మధ్యలో రాకుండా పోయేవారి సంగతి. జబ్బు ముదిరినవాళ్లే ముందు మానేస్తారు. అన్నిసార్లూ వచ్చినవారినే లెక్కలో ఉంచితే రోగం ఉన్నదానికంటే నెమ్మదిగా కనిపిస్తుంది. ఒకట్రెండు స్కాన్లే ఉన్నవారినీ వాడుకునే మిశ్రమ ప్రభావాల నమూనాలు అనే గణాంక పద్ధతులు అందుకే మెరుగు.

వాటికీ హద్దుంది. రోగులను పాత స్కానర్‌లో, కంట్రోల్స్‌ను కొత్తదానిలో తీస్తే తేడా జబ్బుదో యంత్రానిదో ఏ నమూనా విడదీయలేదు.