స్పీకరు గారి కళ్లజోడు

మొన్న బడ్జెట్ సమావేశాల ప్రత్యక్ష ప్రసారంలో స్పీకరు గారి కళ్లజోడును పద్దెనిమిది నిమిషాల పాటు చూసే భాగ్యం కలిగింది. నల్ల ఫ్రేము. ఎడమ కాడ కాస్త వదులు. ఏ రాష్ట్రం సభ అని అడక్కండి. రాష్ట్రాలు విడిపోయాయి గానీ కెమెరా మాత్రం ఉమ్మడి ఆస్తిగానే మిగిలింది.

జరిగిందేమిటంటే, ప్రతిపక్ష సభ్యుడొకాయన మా కాలువ గురించి అడుగుదామని లేచాడు. "అధ్యక్షా" అన్నాడు. ఆ మాటకి అధ్యక్షుడు పలికాడో లేదో గానీ కెమెరా పలికింది. గిర్రున తిరిగి ఆయన మొహం మీద వాలింది. ఇక అంతే. కాలువ పోయింది, కళ్లజోడు మిగిలింది. వెనక ఎక్కడో సంతలాంటి గోల. స్పీకరు గారు "కూర్చోండి, మీ స్థానాల్లోకి వెళ్లండి" అంటారు. మంచినీళ్లు తాగుతారు. మళ్లీ "కూర్చోండి" అంటారు.

పక్కన మంచం మీదున్న అమ్మమ్మకి జాలేసింది.

"ఒరే, పాపం ఆయనొక్కడే కూచుని ఎవరి మీదరా అరుస్తున్నాడు?"

"ఎదురుగా మన ఎమ్మెల్యేలున్నారు అమ్మమ్మా."

"ఏరీ? కనపడరే?"

"పోడియం దగ్గర గొడవ చేస్తున్నారు. అది చూపించకూడదు, సభా మర్యాద."

"కుళాయి దగ్గర పోట్లాటైతే ముందు పోట్లాటనే కదరా చూస్తాం!"

అమ్మమ్మకి శాసన వ్యవహారాలు తెలియవు. అక్కడ 175 మంది, ఇక్కడ 119 మంది ఉన్నా, తెర మీద మాత్రం ఒక్కరే ఉండాలన్నది మన ప్రజాస్వామ్యపు అద్వైతం. ఒక్కసారి మాత్రం అపచారం జరిగింది. చింపిన కాగితం ముక్క ఒకటి, ఏ అనుమతీ తీసుకోకుండా, తేలుకుంటూ ఫ్రేములోకి వచ్చేసింది. లోపల ఎవరో గాభరాపడి క్లోజప్ ఇంకా బిగించారు. ఎడమ కాడ వదులైన సంగతి నాకు అప్పుడే తెలిసింది.

ఇందులో పార్టీల గొడవ లేదు. ఎదుటి బల్లల్లో ఉన్నన్నాళ్లూ "మా మైకు కోశారు, మమ్మల్ని చూపించడం లేదు" అని గగ్గోలు పెట్టినవాళ్లే, ఇటు బల్లల్లోకి రాగానే కెమెరాకి మెడ పట్టేసిందని, అటు తిరగదని కనిపెడతారు. ఈ మెడనొప్పికి ఏ ప్రభుత్వ ఆస్పత్రిలోనూ మందు లేదు.

సభ లేని రోజుల్లో దూరదర్శన్ ప్రాంతీయ వార్తలున్నాయిగా. వాటిలో ఎవరూ ఏ పనీ చేయరు. ముఖ్యమంత్రి ఆదేశిస్తారు, మంత్రి పిలుపునిస్తారు, ఎమ్మెల్యే ఆకాంక్షిస్తారు, కలెక్టరు స్పష్టం చేస్తారు. ఏం స్పష్టం చేశారో మనకి స్పష్టమయ్యేలోగా వాతావరణం వచ్చేస్తుంది. రోజంతటికీ నిజంగా పనిచేసేది ఆ అల్పపీడనం ఒక్కటే.

దూరదర్శన్‌కి స్వయంప్రతిపత్తి ఉంది కదా అంటారు. ఉంది. దూరదర్శన్‌నీ ఆకాశవాణినీ సర్కారు చేతుల్లోంచి తప్పించి వేరే సంస్థకి అప్పగించే ప్రసార భారతి చట్టం 1990లో చేశారు, 1997లో అమల్లోకి తెచ్చారు. ఏడేళ్లు బీరువాలో మగ్గి బయటికొచ్చిన స్వేచ్ఛకి చెమ్మ వాసన రాకుండా ఉంటుందా?

నవ్వుకుంటున్నారు కదా. నేనూ నవ్వుతూనే రాద్దామనుకున్నాను. కానీ 2014 ఫిబ్రవరి 18 గుర్తొచ్చింది. లోక్‌సభలో ఆంధ్రప్రదేశ్ పునర్విభజన బిల్లు. తలుపులు మూశారు. సరిగ్గా ఆ ఘట్టంలోనే లోక్‌సభ టీవీ ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. సాంకేతిక లోపమట! బిల్లు మూజువాణి ఓటుతో గట్టెక్కాక ఆ మాట చెప్పారు మనకి. తెలంగాణ కోసం కొడుకుని పోగొట్టుకున్న తల్లికి ఆ క్షణం కళ్లారా చూసుకునే హక్కు లేదా? వద్దని వీధుల్లో మొత్తుకున్నవాడికి, తన ఎంపీ నోరు తెరిచాడో మూసుకున్నాడో చూసే హక్కు లేదా? వాళ్లిద్దరూ ఏ విషయంలోనూ ఒప్పుకోరు, కానీ ఆ రోజు ఇద్దరినీ కలిపి ఒకే చీకట్లో కూర్చోబెట్టారు. వాళ్ల డబ్బుతో కొన్న కెమెరాలు, వాళ్లు ఓట్లేసి పంపిన మనుషులు. దారిలో బస్సాగితే కండక్టరు దిగొచ్చి ఏం పాడైందో చెబుతాడు. ఆ పాటి మర్యాదకి కూడా మనం తగమా? సిగ్గుండాలి.

సరే, కళ్లజోడు దగ్గరికొద్దాం. పంతొమ్మిదో నిమిషంలో సభ వాయిదా పడింది. తెర మీదికి అసెంబ్లీ భవనం బొమ్మ వచ్చింది, ముందు పచ్చగడ్డి, పూల కుండీలు, వెనకాల వీణ. కాలువ సంగతి చానల్ తిప్పితే ఎక్కడైనా తెలుస్తుందేమోనని రిమోట్ అందుకున్నాను.

"తిప్పకురా," అంది అమ్మమ్మ, దిండు సర్దుకుంటూ. "ఇదే బాగుంది."