ప్యాచ్‌కి ముహూర్తం పెట్టించారా?

లినక్స్ కెర్నల్‌కి, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టం గుండెకాయకి, ప్యాచ్ (కోడ్‌లో మార్పు) పంపడం ఏదో కంప్యూటర్ పని అనుకుంటున్నారు మన పిల్లలు, కాదు బాబూ, అది పెళ్లి చెయ్యడం. కాలేజీలో నాలుగేళ్లు పాయింటర్లు చెప్తారు గానీ ముహూర్తాలు చూడ్డం ఒక్కరూ చెప్పరు, తీరా వాడు మెయిల్ పెట్టేసి రిప్లై రాలేదని మంచం ఎక్కుతాడు.

లినక్స్ మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ గారు ఒక వెర్షన్ వదిలాక రెండు వారాలు మెర్జ్ విండో, అంటే కొత్త కోడ్ కలుపుకునే గడువు, అవే లగ్గాలు. అది కూడా మీ కోసం కాదండోయ్, మెయింటైనర్లు (కెర్నల్‌లో ఒక్కో భాగం చూసుకునే పెద్దలు) ముందే ఏరి పెట్టుకున్నవి ఆయనకి అప్పజెప్పుకోడానికి. ఆ తర్వాత వారానికొకటి చొప్పున పరీక్ష వెర్షన్లు, ఆర్‌సీ1 నుంచి ఆర్‌సీ7 దాకా, ఒక్కోసారి 8 దాకా, పూర్తి మూఢం, బగ్ ఫిక్సులు తప్ప శుభకార్యాల్లేవు. అంటే కొత్త ఫీచర్ ఉన్నవాళ్లు మూఢంలోనే సంబంధం మాట్లాడేసుకుని లగ్గం దాకా నోరు మూసుకుని కూర్చోవాలి, మన పెద్దవాళ్లు చేసేది అదేగా.

పిలుపుల విషయంలో మాత్రం వాళ్లని మెచ్చుకోవాలి. మీరు ముట్టుకున్న ఫైల్ చూసి ఎవరెవర్ని పిలవాలో లిస్టు తీసిచ్చే స్క్రిప్టు ఒకటుంది, గెట్ మెయింటైనర్ అని. అలాంటిది మా ఇంట్లో ఉంటే మా చిన్న మేనత్త పదకొండేళ్లుగా మాతో మాట్లాడకుండా ఉండేది కాదు.

ఇక నా సంగతి. కెర్నల్ కోడ్ పక్కన వివరణగా రాసే కామెంట్‌లో ఒక స్పెల్లింగ్ తప్పు కనపడింది, రెండక్షరాలు అటూ ఇటూ అయ్యాయి, సరిచేసి పంపా. నా మెయిల్ యాప్ ట్యాబులన్నీ స్పేసులు చేసి పారేసింది, ప్యాచ్ అతకలేదు. ప్యాచ్‌ని చెడగొట్టకుండా మెయిల్ చేసే గిట్ సెండ్-ఈమెయిల్ నేర్చుకుని వీ2 (రెండో వెర్షన్) పంపితే సబ్జెక్టులో "సరిచేశాను" అనకూడదట, "సరిచెయ్యి" అని కోడ్‌కి ఆర్డర్ వేస్తున్నట్టు రాయాలట. వీ3లో ఏం మార్చానో, అసలెందుకు మార్చానో, లైను 75 కాలమ్స్ దాటకుండా తొమ్మిది లైన్లు రాశా, రెండక్షరాలకి! మా మామగారికి కూడా నేనింత మర్యాదగా రాసి ఎరగను. "అప్లైడ్, థ్యాంక్స్" అని వచ్చింది, ఆ పూట ఇంట్లో పాయసం.

కింద సంతకం మర్చిపోకండి, సైన్డ్-ఆఫ్-బై, ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకుంది అని. 2003లో ఎస్‌సీఓ కంపెనీ లినక్స్‌లో ఉన్న కోడ్ మాదంటూ ఐబీఎం మీద కేసేసింది, ఆ రచ్చ చూశాక 2004లో ఈ పద్ధతి పెట్టారు. దారిలో ప్యాచ్ చేతులు మారిన ప్రతి మెయింటైనరూ తన సంతకం కూడా చేర్చాలి, రేపు గొడవైతే సంబంధం ఎవరు కుదిర్చారో తెలియాలి కదా.

పంపిన ప్యాచ్‌కి జవాబు రాలేదని వారం కాకుండా గుర్తు చెయ్యకూడదు కూడా, పద్ధతుల పుస్తకంలోనే రాశారు. మూడు వారాలకే గింజుకునేవాళ్లు ప్రీఎంప్ట్ ఆర్‌టీని (కెర్నల్ కచ్చితమైన గడువులోపు స్పందించేలా చేసే కోడ్) తలుచుకోండి, దాదాపు 20 ఏళ్లు ముక్కముక్కలుగా లోపలికి నడిచి నడిచి 2024 సెప్టెంబర్‌లో, 6.12 విండోలో, మొత్తానికి కాపురానికొచ్చింది. ఈ కోడ్ కలుపుకోండి అని అడిగే ఆ పుల్ రిక్వెస్టుని ప్రింటు తీసి, బంగారు కాగితం చుట్టి, వియన్నాలో లైనస్ గారి చేతికిచ్చారు. ప్యాచ్‌ని మెయిల్‌కి అటాచ్‌మెంటుగా పెడితే కన్నెత్తి చూడని ఇల్లది, శుభలేఖ మాత్రం తీసుకున్నారు.