పెడల్లో బ్యాటరీకి చోటు పెట్టాలా?

గిటార్ ఎఫెక్ట్ పెడళ్లు (గిటార్ శబ్దాన్ని మార్చే, కాలితో తొక్కే డబ్బాలు) ఇంట్లో కట్టుకునేవాళ్ల మధ్య తెగని తగువు ఒకటుంది. 9 వోల్టుల బ్యాటరీని డబ్బా లోపలే పెట్టాలా, లేక అడాప్టర్ సాకెట్టు ఒక్కటి చాలా? లోపల ఉండాలనేవాడు లోపలివాడు, వద్దనేవాడు బయటివాడు. బయటివాడు వయసులో పెద్ద.

బయటివాడు: ముందు స్కేలు పట్టు తమ్ముడూ. అందరూ వాడే 1590బి అనే అల్యూమినియం డబ్బా బయటి కొలత 112×60×31 మి.మీ. లోపలి లోతు 27 దగ్గర. బ్యాటరీ ఏమో 48.5×26.5×17.5. పడుకోబెడితే పైన మిగిలేది తొమ్మిదిన్నర. అందులో పొటెన్షియోమీటర్లు పెడతావా, బోర్డు పెడతావా? నిలబెడితే మూత పడదు. వెడల్పుకు అడ్డంగా పెడితే దానికి తగిలించే వైరు క్లిప్పు మందంతో కలిసి గోడకు గోడ ఒరుసుకుంటుంది.

లోపలివాడు: 1590బినే పట్టుకుని వేలాడమని ఎవరన్నారన్నా? 125బి తీసుకుంటే 122×66×39.5. గిటార్ కేబుళ్లు గుచ్చే జాకులు రెండూ, అడాప్టర్ సాకెట్టూ పై అంచుకు ఎక్కించు. కింద ఫుట్‌స్విచ్ నడిమధ్యలో ఉన్నా దానికి అటూ ఇటూ రమారమి 22 మి.మీ. మిగులుతుంది. బ్యాటరీని సన్నటి అంచు మీద నిలబెడితే 17.5. హాయిగా కూర్చుంటుంది. రంధ్రాలు వేయకముందే బ్యాటరీ కొలతకు థర్మాకోల్ ముక్క కోసి లోపల పెట్టి చూసుకోవాలి, అంతే. డ్రిల్లింగ్ అయ్యాక చోటు వెతికితే ఎక్కడ దొరుకుతుంది!

బయటివాడు: సరే, కూర్చుంది. అది అయిపోయినప్పుడల్లా నాలుగు స్క్రూలు విప్పాలిగా? అల్యూమినియం మరలు ఎన్నిసార్లు ఓర్చుకుంటాయి?

లోపలివాడు: ఎన్నిసార్లేమిటి? లెక్క వెయ్యి. రెండు ట్రాన్సిస్టర్ల ఫజ్ (శబ్దాన్ని గరగరలాడించే పెడల్) ఒక మిల్లీయాంపు తాగుతుంది. ఎల్‌ఈడీకి 4.7కె (కిలో ఓమ్) రెసిస్టర్ వేస్తే మరో ఒకటిన్నర. మొత్తం రెండున్నర. ఆల్కలీన్ బ్యాటరీలో సుమారు 500 మిల్లీయాంప్ అవర్లు ఉంటాయనుకుంటే 200 గంటలు. అదే ఎల్‌ఈడీకి 1కె వేశావనుకో, దీపం ఒక్కటే 7 మిల్లీయాంపులు లాగేస్తుంది. ఫజ్ కన్నా దీపానికే ఎక్కువ తిండి!

బయటివాడు: ఫజ్ చూపించి నెగ్గుతున్నావు. పిటి2399 చిప్పుతో డిలే (ప్రతిధ్వని పెడల్) కట్టినవాడి సంగతి చెప్పు. పాతిక ముప్ఫై మిల్లీయాంపులు. పైగా లోపల 78ఎల్05 అనే 5 వోల్టుల రెగ్యులేటర్ ఉంటుంది, బ్యాటరీ 7 వోల్టుల కిందికి దిగితే దాని చేతిలో 5 వోల్టులు నిలవవు.

లోపలివాడు: డిలేలో వద్దు. ఒప్పుకున్నాను.

బయటివాడు: ఇక మరుపు సంగతి. పెడల్ బైపాస్‌లో ఉంది కదా అని కేబుల్ గుచ్చే వదిలేసి పడుకుంటారు. బైపాస్ శబ్దాన్ని పక్కదారి పట్టిస్తుందే గాని కరెంటు ఆపదు.

లోపలివాడు: ఇన్‌పుట్‌కు స్టీరియో జాక్ పెట్టేది అందుకేగా. బ్యాటరీ నల్ల వైరు గ్రౌండుకు కాదు, జాక్‌లో రింగ్ అనే కాలికి. గ్రౌండు కాలు పేరు స్లీవ్. మోనో ప్లగ్గు దూరితే దాని ఒళ్లు రింగ్‌నీ స్లీవ్‌నీ కలిపేస్తుంది, అప్పుడే సర్క్యూట్ పూర్తవుతుంది. ప్లగ్గు పీకితే ఆఫ్. పీకడం మాత్రం మనిషి పని, దానికి మందు లేదు. ఇంకో సంగతి, ఎవరైనా స్టీరియో కేబుల్ గుచ్చితే రింగ్ స్లీవ్‌కు తగలదు, పెడల్ అసలు లేవదు. బోర్డు చెడిందని విప్పేముందు కేబుల్ చూడాలి.

బయటివాడు: నా అసలు భయం అడాప్టర్ సాకెట్టు దగ్గర. రెండూ పెట్టినవాడు అక్కడే దెబ్బతింటాడు. మూడు కాళ్లుంటాయి. మధ్య పిన్ను నెగెటివ్, అది గ్రౌండుకు. ప్లగ్గు బయటి ఒళ్లు తగిలే కాలు పాజిటివ్, అది బోర్డుకు. మూడోది స్విచ్ కాలు, బ్యాటరీ ఎర్ర వైరు దానికే వెళ్లాలి. ప్లగ్గు దూరగానే లోపలి రేకు లేచి బ్యాటరీ విడిపోతుంది. ఒంటి కాలూ స్విచ్ కాలూ తారుమారైతే బ్యాటరీ మీద పెడల్ చక్కగా పాడుతుంది, అడాప్టర్ మీద మూగబోతుంది. మూగబోతే ఫరవాలేదు. ఆ వేళప్పుడు ఇన్‌పుట్‌లో కేబుల్ ఉంటే అడాప్టర్ నేరుగా బ్యాటరీలోకి కరెంటు తోస్తుంటుంది. ఆల్కలీన్ ఛార్జ్ అయ్యే జాతి కాదు. వేడెక్కి, కారి, బోర్డు తినేస్తుంది.

లోపలివాడు: నిజమే, కాళ్ల వరస ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది. మీటర్ కంటిన్యూటీలో పెట్టి చూడాలి. ప్లగ్గు లేనప్పుడు బీప్ మోగే జంట ఒళ్లు, స్విచ్. ప్లగ్గు గుచ్చితే బీప్ ఆగాలి. తర్వాత ప్లగ్గు ఒంటికి ఒక ప్రోబ్ ఆనించు, మోగింది ఒంటి కాలు, మోగనిది స్విచ్ కాలు. సాకెట్టు కూడా ప్లాస్టిక్‌దే కావాలి. లోహపు ఒళ్లయితే పాజిటివ్ డబ్బాకు తగిలి షార్ట్.

బయటివాడు: ఇంత జాగ్రత్త దేనికి, బ్యాటరీ లేకపోతే పోయె!

లోపలివాడు: పీఎన్‌పీ జర్మేనియం ట్రాన్సిస్టర్ల ఫజ్ దగ్గర ఆ మాట అను చూద్దాం. 1966లో ఆర్బిటర్ కంపెనీ తెచ్చిన ఫజ్ ఫేస్ పెడల్ దారి అది. అందులో గ్రౌండు పాజిటివ్. దాన్ని ఒకే అడాప్టర్‌కు వేలాడే గొలుసులో మిగతా పెడళ్లతో కలిపావనుకో, వాటి గ్రౌండు నెగెటివ్, దీనిది పాజిటివ్, మధ్యలో పెడళ్లను కలిపే ప్యాచ్ కేబుల్ షీల్డ్ రెండింటినీ కలిపేస్తుంది. సప్లై నేరుగా షార్ట్. లోపల బ్యాటరీ ఉంటే ఎవరితోనూ పేచీ లేదు.

బయటివాడు: మాక్స్1044 చిప్పు పెట్టి మైనస్ 9 వోల్టులు పుట్టించుకో.

లోపలివాడు: ఒకటో కాలిని ఎనిమిదో కాలికి కలపడం మరిస్తే చిప్పు కీచుమంటూ పాటలో వినిపిస్తుంది. పైగా అది 10 వోల్టులు దాటితే ఓర్వదు, రెగ్యులేట్ కాని 9 వోల్టుల అడాప్టర్ తక్కువ లోడు మీద అంతకు మించి ఇస్తుంది. ఒక మిల్లీయాంపు తాగే సర్క్యూట్‌కు ఇంత తంతు ఎందుకన్నా?

బయటివాడు: క్లిప్పు సంగతి దాటేస్తున్నావు. చౌక రెక్సిన్ క్లిప్పులో వైరు రివెట్టు మొదట్లోనే తెగుతుంది. బయటికి మామూలుగానే కనిపిస్తుంది, లోపల రాగిపోగులు విరిగి ఉంటాయి. పెడల్ తొక్కినప్పుడల్లా చిటపటలు.

లోపలివాడు: గట్టి ప్లాస్టిక్ క్లిప్పు కొను. వైరును బోర్డు దగ్గర ఒక రంధ్రంలోంచి దూర్చి అప్పుడు సోల్డర్ చెయ్యి, లాగుడు అతుకు మీద పడదు. బ్యాటరీ రేకు తొడుగు సోల్డరింగ్ ములుకులకు తగిలితే రెండు చోట్లను కలిపేస్తుంది, అందుకే 3 మి.మీ. ఫోమ్ ముక్క మధ్యలో. బ్యాటరీ తగిలించేటప్పుడు క్లిప్పు తిరగబడి ఒక్క క్షణం తాకడం మామూలే, దానికి 1ఎన్5817 డయోడ్ వరసలో వెయ్యి. సుమారు 0.2 వోల్టు పోతుంది, పోనీ.

బయటివాడు: సరే, ఆ జర్మేనియం ఫజ్‌కు బ్యాటరీ పెట్టు. దానికి అడాప్టర్ రంధ్రమే వేయకు. వేస్తే ఎవడో ఒకడు అందులో ప్లగ్గు గుచ్చుతాడు.

లోపలివాడు: వేయను. ఎర్ర వైరు రింగ్‌కు, నల్లది బోర్డుకు.

బయటివాడు: ఎల్‌ఈడీ పొడుగు కాలు గ్రౌండు వైపుకి. మామూలు పెడల్లోలా పెడితే వెలగదు. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు కూడా ఒకసారి తిరగేసి చూసుకో.