సెక్షన్లు తప్ప మనకు మాటల్లేవా?

పోయిన ఆదివారం సాయంత్రం మా విశాఖ వకీళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక జూనియర్ అమ్మాయి ఒకే ఒక్క ప్రశ్న వేసింది. "420 పోయింది కదా సార్, ఇక మీదట మోసగాణ్ణి ఏమని తిట్టాలి?"

అంతే. రెండేళ్లుగా ఎవరి పుట్టినరోజుకీ నోరు విప్పని పెద్దలంతా బయటికొచ్చారు. "వాడొట్టి 318 సబ్ సెక్షన్ 4 అంటే తిట్టినట్టుంటుందా? డోర్ నంబరు చెప్పినట్టుంటుంది" అని గాజువాక నుంచి ఒకాయన. "నూట అరవై ఏళ్లు జనం నోళ్లలో నానిన తిట్టమ్మా, ఒక్క గెజిట్‌తో పోదు" అని భీమిలి నుంచి ఇంకొకరు. అరగంట సేపు గ్రూపు పెళ్లిల్లులా ఉంది. అప్పుడొచ్చింది అడ్మిన్ గారి మెసేజ్: "దయచేసి న్యాయపరమైన విషయాలు మాత్రమే పెట్టండి." ఆ అమ్మాయి "సారీ సార్" అని పెట్టి తన ప్రశ్నను డిలీట్ చేసేసింది. మర్నాటి నుంచి మళ్లీ మామూలే. గుడ్ మార్నింగ్ పూలు, సంతాపాలు, ఎవరో ఎక్కణ్ణుంచో పంపిన నలభై పేజీల తీర్పు.

ఈ పోస్టు ఆ అమ్మాయి కోసం. అడ్మిన్ గారంటే నాకు గౌరవం ఉంది. కానీ ఆ ఒక్క మాట తప్పు, అది గట్టిగానే చెబుతాను.

అసలు ఆమె అడిగింది న్యాయపరమైన విషయం కాదని ఎవరన్నారు? 2024 జులై 1 నుంచి మన చేతివేళ్లకు అలవాటైన నంబర్లన్నీ తారుమారయ్యాయి. 1860 నాటి శిక్షాస్మృతిలో 511 సెక్షన్లుండేవి. దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 358తోనే ఆగిపోతుంది. అంటే 420 అనే నంబరే ఇప్పుడు లేదు, ఆ మోసం 318 సబ్ సెక్షన్ 4కి వెళ్లింది. 302 ఉంది గానీ, అది హత్య కాదు, ఎదుటివాళ్ల మతభావాలను కావాలని మాటలతో గాయపరచడం. హత్య 103కి వెళ్లింది. పోనీ నేర్చుకుని మరిచిపోదామా అంటే అదీ కుదరదు. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలు పాత సెక్షన్ల కిందే నడుస్తున్నాయి. ఒకే పూట ఒక కోర్టు హాల్లో 302 అని, పక్క హాల్లో 103 అని అనాలి. సెమినార్లో రెండు గంటలు చెప్పినా ఎక్కనిది ఆ అరగంట నవ్వుల్లో నాకు ఎక్కింది.

వీటన్నిటిలో నాకు బాగా దగ్గరైంది 144. ఇది శిక్షాస్మృతిలోది కాదు, నేర విచారణ పద్ధతి చట్టంలోది. ఆ చట్టం కూడా అదే రోజు భారతీయ నాగరిక్ సురక్షా సంహితగా మారింది. మొన్నామధ్య ఒక పెద్దాయన కూతుర్ని వెంటబెట్టుకుని ఆఫీసుకొచ్చారు. అల్లుడు వదిలేసి ఏడాదైంది, రూపాయి పంపడం లేదు. కాగితాలన్నీ చూసి "144 కింద వేద్దాం నాన్నా" అన్నాను. ఆయన ముఖం పాలిపోయింది. "ఏటండీ మేడంగారూ, 144 ఏటి? మేమేటి గొడవ సేసినాం? ఇద్దరమే కదా వచ్చినాం!" ఆయన భయంలో తప్పేమీ లేదు. యాభై ఏళ్లుగా 144 అంటే పోలీసు జీపు, మైకు, గుంపులు కూడదనే హెచ్చరిక. ఆ 144 ఇప్పుడు 163 అయింది. భార్యాపిల్లలకు, తల్లిదండ్రులకు భరణం ఇప్పించే పాత 125 వచ్చి ఆ 144 కుర్చీలో కూర్చుంది. ఇదంతా చెప్పాక ఆయనే ముందు నవ్వారు. వచ్చినప్పటి నుంచీ తల ఎత్తని ఆ పిల్ల కూడా నవ్వింది. తర్వాత ఆమె తన విషయం తానే చెప్పడం మొదలుపెట్టింది, అంతవరకూ తండ్రే చెబుతూ ఉన్నాడు.

మన పనిలో ఉన్న బరువు బయటివాళ్లకు తెలీదు. సంతోషంగా ఉన్నవాడెవడూ సూర్యాబాగ్‌లో కోర్టు మెట్లెక్కడు. అన్నదమ్ముల పంపకాలు, చెల్లని చెక్కులు, రోడ్డు మీద పోయిన కొడుక్కి నష్టపరిహారం, విడాకులు. పొద్దున పదిన్నర నుంచి సాయంత్రం దాకా అవే వింటాం. రాత్రి ఆఫీసులో మళ్లీ అవే రాస్తాం. పెద్దవాళ్లకు గుండె రాటుదేలి ఉంటుంది. మొదటి రెండు మూడేళ్ల జూనియర్ల సంగతి? చేతిలో డబ్బుండదు, సొంత కేసుండదు, సీనియర్ గారి ఫైళ్లు మోస్తూ, వాయిదా అడుగుతూ, వరండాలో స్తంభానికి ఆనుకుని నిలబడతారు. వాళ్లకు "నువ్వూ మాలో ఒకతివే" అని చెప్పడానికి ఒక్క సరదా ప్రశ్న చాలు. తీర్పు మీద చర్చ పెడితే ఆ పిల్ల నోరెత్తదు, తప్పు మాట్లాడతానేమోనని భయం. తిట్టు పేరు అడిగితే ఎందుకు మాట్లాడదు?

అయితే ఏ ప్రశ్న పడితే అది పనికిరాదు. "మీరు గెలిచిన పెద్ద కేసు ఏది?" అని అడిగి చూడండి, నలుగురు గొప్పలు చెప్పుకుంటారు, మిగతావాళ్లంతా ఫోను పక్కన పెట్టేస్తారు. ఫీజుల ప్రస్తావన ఇంకా ఘోరం. నిన్న కోటు కుట్టించుకున్నవాళ్లూ ముప్పై ఏళ్ల ప్రాక్టీసున్నవాళ్లూ ఒకే బెంచీ మీద కూర్చుని జవాబివ్వగలిగే ప్రశ్న కావాలి. అవి మన కోర్టు వరండాల్లోనే దొరుకుతాయి.

మనం రోజూ వాడే మాటల్నే చూడండి. వకాల్తా, జామీను, నకలు, జప్తు, దావా అన్నీ అరబ్బీ, ఫార్సీల నుంచి వచ్చి మనింట్లో స్థిరపడ్డవే. ఉర్దూలో ముద్దాయి అంటే ఫిర్యాదు చేసినవాడు. మన దగ్గరికొచ్చేసరికి బోనులో నిలబడ్డవాడయ్యాడు. ఎక్కడ ఏ బంట్రోతు పిలుపులో తిరగబడిందో ఆ మాట! ఇక వాయిదా. దాని మూలంలో అర్థం మాట ఇవ్వడం. "వచ్చే నెల 14కి వాయిదా" అన్నప్పుడల్లా ఎవరికో మాట ఇస్తున్నామని నాకు తెలిసిన రోజు, క్లయింటుతో ఆ మాట అనే తీరే మారింది. ఇలాంటి మాట వారానికొకటి పెడితే ఎంత బాగుంటుంది!

లేదంటే కోటు. విశాఖ ఉక్క గురించి నేను మీకు చెప్పక్కర్లేదు. మే నెలలో సాయంత్రం కోటు విప్పితే వీపు మీద నల్లగుడ్డపై తెల్లటి ఉప్పు చార, సముద్రం ఒడ్డున అల తాకి వెళ్లిన గీతలా ఉంటుంది. వేసవిలో సుప్రీంకోర్టు, హైకోర్టుల్లో తప్ప మిగతా కోర్టుల్లో నల్లకోటు తప్పనిసరి కాదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనల్లోనే ఉంది. ఆ సంగతి తెలియని జూనియర్లు ఎంతమందో! "మే నెలలో మీ కోటు ఎక్కడుంటుంది?" అని సరదాగా అడిగితే ఆ నిబంధన కూడా అందరికీ చేరుతుంది. జడ్జిగారిని ఎలా పిలవాలన్నదీ అంతే. 2006లో వచ్చిన నిబంధన ప్రకారం కింది కోర్టుల్లో "సర్" చాలు, లేదా మన భాషలో దానికి సరితూగే మాట. మరి తెలుగులో ఏమనాలి? "అయ్యా" అంటే సరిపోతుందా? మేడంగారు బెంచీ మీద ఉంటే "అమ్మా" అనాలా? ఒక సాయంత్రం బీచ్ రోడ్డులో మూరీ మిక్చర్ పొట్లం పట్టుకుని దీని మీదే గంటసేపు వాదించుకున్నాం. ఆ నలుగురిలో ఇద్దరు అదే వారం ఒక పంపకాల దావాలో ఎదురెదురు వకీళ్లు. ఆ దావా తర్వాత రాజీ అయింది. మూరీ మిక్చర్ వల్లే అయిందని నేననను. కానీ ఫోను తీసి "అన్నా, ఒకసారి కూర్చుందామా" అనగలిగే చనువు వాళ్లకు ఉంది.

ఒక్క విషయంలో మాత్రం నేను అడ్మిన్ గారికంటే కఠినంగా ఉంటాను. క్లయింటు కన్నీళ్లు సరదా కాదు. కిందటేడు వేరే గ్రూపులో ఒకరు విడాకుల పిటిషన్‌లోని ఒక పేరా ఫోటో తీసి, పక్కన నవ్వు బొమ్మలు పెట్టి పంపారు. పేరు మీద నల్లగీత గీశారు గానీ ఊరి పేరు వదిలేశారు. ఆ ఊరు చిన్నది. ఆమె ఎవరో నాకు వెంటనే తెలిసిపోయింది. ఇంకెందరికి తెలిసిందో! కొత్త సాక్ష్య చట్టమైన భారతీయ సాక్ష్య అధినియమం 132వ సెక్షన్, పాత చట్టంలో 126, క్లయింటు మనల్ని నమ్మి చెప్పింది బయటపెట్టకూడదంటుంది. ఆ ఫోటో ఏ సెక్షన్ కిందికొస్తుందో లెక్క తేల్చేదాకా ఆగనక్కర్లేదు. అంతా చెప్పేసుకుని గుడ్డలో మూటకట్టిన కాగితాలు మన బల్ల మీద పెట్టి వెళ్లే మనిషిని తలుచుకుంటే చాలు. ఆ రోజు ఆ గ్రూపులో ఎవరూ "న్యాయపరమైన విషయాలు మాత్రమే" అనలేదు. ఈ అమ్మాయిని మాత్రం అన్నారు. నాకు కోపం వచ్చింది అందుకే.

నవ్వుకోవడానికి మన నల్లకోట్లున్నాయి, మన నంబర్లున్నాయి, మన భాష ఉంది. హైకోర్టు పని మీద విజయవాడ రైలెక్కినప్పుడు ఎవరి టిఫిన్ డబ్బాలో ఏం ఉంటుందన్నది ఉంది. ఇవి చాలవా?

అడ్మిన్ గారూ, ఆదివారం సాయంత్రం ఆరు నుంచి ఏడు వరకు ఒక్క గంట ఇవ్వండి. ఈ వారం ప్రశ్న నాది: మీ బ్యాండ్స్, అదే మెడకు కట్టుకునే తెల్లపట్టీలు, మర్చిపోయిన రోజు ఎవరు ఆదుకున్నారు?

ముందు నేనే చెబుతాను. ప్రాక్టీసులో రెండో ఏడు, నా మొదటి సాక్షిని బోనెక్కించే రోజు. కోర్టు హాలు గుమ్మం దాకా వచ్చాక మెడ తడుముకుంటే బ్యాండ్స్ లేవు. ఎదుటి పార్టీ సీనియర్ గారు దూరం నుంచి చూసి, తన గుమాస్తా చేత న్యూస్‌పేపర్లో మడిచిన బ్యాండ్స్ పంపించారు. గంజి పెట్టి ఇస్త్రీ చేసినవి. "కట్టుకోమ్మా, ఇంకా టైముంది" అని కబురు. ఆ తర్వాత గంటన్నర సేపు నా సాక్షిని క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఒక్క మెట్టు కూడా దిగకుండా నిలదీశారు. బయటికొచ్చి బ్యాండ్స్ తిరిగివ్వబోతే "ఉంచుకో, రేపు ఇంకో పిల్లకి పనికొస్తాయి" అన్నారు. అప్పటి నుంచీ నా సంచిలో రెండు జతలుంటాయి.

420 ప్రశ్న వేసిన అమ్మాయీ, నువ్వు రాయి ముందు.