ఓరుగల్లుకొచ్చారు సరే, మీటరేది?

పిల్లల చదువుకని ములుగు నుంచి, ఎంజీఎం ఆసుపత్రి దగ్గరుంటుందని భూపాలపల్లి నుంచి, ఎనుమాముల మార్కెట్లో హమాలీ పని ఉంటుందని నర్సంపేట పల్లెల నుంచి, టెక్స్‌టైల్ పార్కు మీద ఆశతో సూరత్, భివండీల నుంచి కుటుంబాలు ఓరుగల్లుకు వస్తూనే ఉన్నాయి. ఎందుకొస్తున్నారో అందరికీ తెలుసు. వచ్చినవాళ్లు ఎప్పుడు ఈ ఊరోళ్లవుతారన్నదే ఎవరికీ పట్టలేదు. నా జవాబు ఇది: ఉంటున్న పోర్షన్‌కు విడిగా కరెంటు మీటరు, చేతిలో రాతకోతలున్న కిరాయి కాగితం వచ్చిన రోజున. ఇరుగుపొరుగు మంచితనానికి ఇక్కడ లోటు లేదు. వచ్చిన తొలి ఏడాదే బతుకమ్మ ఆడటానికి పిలుస్తారు. లోటల్లా కాగితం దగ్గరే.

హనుమకొండ, కాజీపేటల్లో కిరాయి ఇళ్లు చాలావరకు ఒకే తీరు. కింద ఒక పోర్షన్, పైన రెండు. మెట్ల కింద ఒక్కటే అసలు మీటరు, దాని పక్కన వరుసగా సబ్ మీటర్లు. నెల తిరగ్గానే ఓనరు నోటుబుక్కులో రీడింగులు రాసుకుని ఎవరి వాటా వారికి చెబుతారు. నష్టం అక్కడే మొదలవుతుంది.

లెక్క వేసి చూద్దాం. మూడు కుటుంబాలు, తలా నెలకు 90 యూనిట్లు. ఎవరి మీటరు వారికుంటే, 2022 నుంచి అమలైన శ్లాబుల ప్రకారం తొలి 50 యూనిట్లకు రూ.1.95 చొప్పున, తర్వాతి 40కి రూ.3.10 చొప్పున ఒక్కో ఇంటికి రూ.221.50. మూడిళ్లకూ కలిపి రూ.664.50. ఇదే వాడకం ఒకే మీటరు మీద పడితే 270 యూనిట్లు. 200 దాటింది కాబట్టి కింది శ్లాబుల ధరలేవీ వర్తించవు. మొదటి యూనిట్ నుంచే రూ.5.10, 200 పైన ఉన్న 70కి రూ.7.70. మొత్తం రూ.1,559. ఫిక్స్‌డ్ చార్జీల్లాంటివి ఇందులో కలపలేదు. ఎవరూ ఒక్క బల్బు కూడా ఎక్కువ వెలిగించలేదు, బిల్లు మాత్రం రెండింతలు దాటింది.

గృహజ్యోతి పథకాన్ని కూడా కలిపి చూస్తే దెబ్బ ఇంకా పెద్దది. 2024 మార్చి నుంచి తెల్లకార్డున్న ఇంటికి 200 యూనిట్ల లోపు వాడకానికి సున్నా బిల్లు వస్తోంది. కిరాయికున్నవాళ్లూ అర్హులే. అయితే ఒక మీటరుకు ఒకే రేషన్ కార్డు ముడిపడుతుంది. 200 దాటిన నెలలో మొత్తం బిల్లు కట్టాల్సిందే. పై ఉదాహరణలో ముగ్గురికీ తెల్లకార్డులున్నా, తలా 90 యూనిట్లే వాడినా ఒక్కరికీ సున్నా బిల్లు రాదు. మీటర్లు వేరుగా ఉంటే ముగ్గురికీ వస్తుంది. అంటే ప్రభుత్వం పేదింటికని ఇచ్చినది మెట్ల కిందే ఆగిపోతోంది.

వేరే మీటరున్న పోర్షన్ దొరికినవాళ్లు కూడా ఒక జాగ్రత్త పడాలి. అంతకుముందు అక్కడున్నవాళ్ల కార్డు ఆ సర్వీస్ నంబరుకే ఉండిపోయి ఉంటుంది. ఇల్లు మాట్లాడుకున్నప్పుడే పాత బిల్లు అడిగి తీసుకోవాలి, సున్నా బిల్లు వస్తోందా చూసుకోవాలి. వస్తుంటే ఆ కార్డును తీయించి, తమ కార్డును ఎక్కించమని ప్రజాపాలన కేంద్రంలో దరఖాస్తు పెట్టాలి. బియ్యం గురించి కంగారు అక్కర్లేదు. తెలంగాణ కార్డుతో రాష్ట్రంలో ఏ రేషన్ దుకాణంలోనైనా వేలిముద్ర వేసి తెచ్చుకోవచ్చు.

ఓనర్ల భయం నాకు తెలియనిది కాదు. వేరే మీటరు పెట్టిస్తే, ఆ చిరునామాతో ఆధార్ మార్చుకుంటే రేపు ఇల్లు మాదేనంటారేమోనని. కనెక్షన్ ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న బాధ కూడా న్యాయమైనదే. కానీ భయానికి మాత్రం చట్టంలో చోటు లేదు. కిరాయికి దిగినవాడు ఆ ఇంట్లో ఉన్నంతకాలం ఓనరు హక్కును కాదనలేడని సాక్ష్య చట్టమే చెబుతోంది. కరెంటు బిల్లు, ఆధార్, ఓటరు కార్డు, ఇవేవీ ఆస్తి పత్రాలు కావు. నిజానికి ఓనరును కాపాడేది రాసుకున్న ఒప్పందమే. నోటిమాట మీద ఇల్లిచ్చినవాళ్లకే కోర్టులో చూపడానికి ఏమీ ఉండదు.

ఆ ఒప్పందం ఎలా రాస్తున్నారన్నది మరో సంగతి. ఏడాది దాటిన లీజుకు 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి గనుక అంతా 11 నెలలకే రాసుకుంటారు. రాసుకోనివ్వండి, కానీ పనికొచ్చేలా రాసుకోవాలి. ఇంటి నంబరు ఆస్తి పన్ను రశీదులో ఉన్నది ఉన్నట్టు దిగాలి. ‘ఫలానా గుడి వెనక’ అని రాసిన కాగితం ఏ కౌంటర్లోనూ నిలవదు. ఏ అంతస్తు, ఏ పోర్షన్, దిగిన రోజు మీటరు రీడింగ్ ఎంత, అడ్వాన్స్ ఎంత, ఖాళీ చేసేటప్పుడు గోడలకు సున్నం వేయించడానికి ఎంత పట్టుకుంటారు, ఎన్ని నెలల ముందు చెప్పాలి, ఇవన్నీ ఉండాలి. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా చట్టం నివాసాలకు అడ్వాన్స్ రెండు నెలల కిరాయి దాటొద్దంది. దాన్ని చూపించి బేరమాడటంలో తప్పు లేదు.

పిల్లల కాగితాల దగ్గర జరిగే పొరపాటు పదిహేనేళ్ల తర్వాత బయటపడుతుంది. టీసీ ఆలస్యమైందని చేర్చుకోకపోవడానికి వీల్లేదని విద్యాహక్కు చట్టం ఐదో సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. పాత బడి పిల్లవాడి పేరును యూడైస్‌లో, అంటే బడుల ఆన్‌లైన్ రికార్డులో, విడుదల చేసిందో లేదో అడిగి మరీ చూసుకోవాలి, లేకుంటే కొత్త బడి రికార్డులోకి ఎక్కదు. అంతకన్నా ముఖ్యం స్థానికత. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కువ ఏళ్లు ఎక్కడ చదివితే అదే స్థానిక జిల్లా. నేరుగా భర్తీ చేసే ప్రభుత్వ కొలువుల్లో 95 శాతం స్థానికులకే. ఆ కొలువుల లెక్కలో ములుగుది కాళేశ్వరం జోన్, హనుమకొండది భద్రాద్రి జోన్. మూడో తరగతిలో వచ్చినా, ఐదులో వచ్చినా ఒకటే అనుకుంటే కుదరదు. మూడులో వస్తే ఇక్కడి ఏళ్లు ఎక్కువ, ఐదులో వస్తే పాత ఊరివి ఎక్కువ, జోనే మారిపోతుంది. బడి మారిన ప్రతిసారీ స్టడీ సర్టిఫికెట్ అప్పుడే తీసుకోవాలి. చిన్న ప్రైవేటు బడులు మూతపడ్డాక వాటి కోసం తిరగడం మహా కష్టం. పైగా ఈ నగరమే రెండు జిల్లాలు. హనుమకొండ నుంచి కిలా వరంగల్‌కు ఇల్లు మారితే జిల్లా, అసెంబ్లీ నియోజకవర్గం రెండూ మారతాయి.

నియోజకవర్గం అన్నాం కనుక అసలు మాటకొద్దాం. పదేళ్లుగా ఇక్కడే ఉంటూ ఓటు మాత్రం ఊళ్లోనే ఉంచుకునే కుటుంబాలు ఎన్నో. ఓటు తీస్తే ఊళ్లో ఇల్లు, పొలం మీద పట్టు పోతుందని భయం. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం చెప్పేది వేరు. మామూలుగా ఎక్కడ నివసిస్తున్నామో అక్కడే ఓటు. సొంతిల్లు ఉన్నంత మాత్రాన అక్కడి నివాసి కారని 20వ సెక్షన్ అక్షరాలా అంటోంది. పట్టాకు, ఓటుకు సంబంధమే లేదు.

ఓటు లేకపోతే ఏమవుతుందో నాలాల పక్కన చూడాలి. 2020 ఆగస్టులో, 2023 జూలైలో హంటర్ రోడ్డు వైపు కాలనీలు నీట మునిగాయి. తక్కువ కిరాయికి దొరికేవి పల్లపు ఇళ్లే కాబట్టి కొత్తగా వచ్చినవాళ్లు చేరేదీ అక్కడికే. గోడ మీద నీటి చార ఎంత ఎత్తున ఉందో చూడకుండా ఇల్లు ఒప్పుకోవద్దు. కొత్త సున్నం కింద కూడా అది ఉబ్బుగా తెలుస్తుంది. ఆ వీధిలో సగం మందికి ఆ డివిజన్‌లో ఓటే లేకపోతే, పూడిక తీయించమని అడిగే గొంతుకు కార్పొరేటర్ దగ్గర ఏం బరువుంటుంది? నగరంలోని 66 డివిజన్ల పాలన సొంతిళ్లున్నవాళ్ల అవసరాల చుట్టూ తిరగడానికి మూలం ఇదే. కిరాయిదారులు ఈ నగరానికి కూలీలుగా, ఫీజులు కట్టేవాళ్లుగా, కొనుగోలుదార్లుగా పనికొస్తున్నారు. ఓటర్లుగా లెక్కలోకి రావడం లేదు.

చేయాల్సింది కష్టమైనదేమీ కాదు. ఇదివరకే ఓటున్నవాళ్లు ఫారం 8 పెడితే పాతచోట తీసి ఇక్కడ చేరుస్తారు. కొత్తవాళ్లకు ఫారం 6. చిక్కంతా చిరునామా రుజువు దగ్గరే. చెల్లే పత్రాల జాబితాలో కిరాయిదారులకని ఉన్నది రిజిస్టరైన లీజు పత్రం, మన దగ్గరున్నది 11 నెలల కాగితం. అందుకే ముందుగా బ్యాంకు పాస్‌బుక్కులో చిరునామా మార్పించుకోవాలి, అది చెల్లుతుంది. అదీ కుదరకపోతే బూత్ స్థాయి అధికారి వచ్చి విచారించాలి. కరెంటు పంపిణీ సంస్థ ఎన్‌పీడీసీఎల్ ప్రధాన కార్యాలయం హనుమకొండలోనే ఉంది. ఓనరు ఒప్పుకున్న పోర్షన్లకు ఖర్చును వాయిదాల్లో తీసుకుని మీటర్లు బిగించే పని ఇక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు. కార్పొరేషన్ ఇంటి నంబరు పక్కన పోర్షన్ నంబరు కూడా ఇవ్వాలి. ఇక ఓనర్ల వంతు. బూత్ అధికారి గేటు దగ్గర నిలబడి అడిగినప్పుడు ‘అవును, పై పోర్షన్‌లో ఉంటున్నారు’ అని చెప్పి, ఆయన్ను మెట్లెక్కనివ్వాలి.