మహారాజశ్రీ సలసల మరిగే నీళ్ళ గారికి

విజయవాడలో ఒక మూడో అంతస్తు వంటింటి నుంచి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమెవరమూ క్షేమంగా లేము. బయట 44 డిగ్రీలు. వంటింట్లో ఎంతుందో చూసే ధైర్యం ఎవరికీ లేదు. తమరు మాత్రం క్షేమమేనని గిన్నె మీద మూత ఎగిరెగిరి పడుతుంటేనే తెలుస్తోంది.

తెలుగింటి టీ మీద తమ అధికారాన్ని నేను ప్రశ్నించడం లేదు. డస్ట్ టీ పొడి వేసి, పాలు పోసి, అల్లం దంచి పడేసి, రెండు పొంగులు రానిచ్చి దించే టీకి తమరు లేనిదే గతి లేదు. హైదరాబాద్ ఇరానీ హోటళ్ళలో డికాషన్ గంటల తరబడి సెగ మీదే ఉంటుంది, అక్కడా తమదే రాజ్యం. ఆ అలవాటు కొద్దీ, గ్రీన్ టీ డబ్బా ఇంట్లో అడుగుపెట్టగానే దాని మీద కూడా పడిపోయారు చూడండి, మన పేచీ అంతా అక్కడే.

మా బావగారి సంగతే చూడండి. షుగరు బోర్డర్‌లో ఉందని డాక్టరు చెప్పినప్పటి నుంచి సాయంత్రం పాల టీ బదులు గ్రీన్ టీ తాగుతున్నారు. కుతకుతలాడే తమరిని గ్లాసులో పోసుకుని, అందులో టీ బ్యాగు వేసి, పేపరు మొత్తం చదివేదాకా దాని మొహం చూడరు. తర్వాత కళ్ళు మూసుకుని, చెమటలు కక్కుతూ గుటక వేస్తారు. "చేదుగా లేదూ బావగారూ?" అంటే, "చేదుగా ఉంటేనే ఒంటికి పట్టేది, నీకేం తెలుసు" అంటారు. ఆ మొహం చూడలేక మా అక్క రెండు చెంచాల తేనె కలుపుతుంది. పంచదార మానడానికి మొదలుపెట్టిన టీలో తేనె! అందులో ఉన్నదీ దాదాపు చక్కెరేనని ఆ ఇంట్లో చెప్పగలిగిన మొనగాడు ఇంకా పుట్టలేదు. ఇంత కథ నడిపించింది తమరు, చెడ్డపేరు మాత్రం ఆకుకి.

ఆ ఆకు తరఫున నాలుగు మాటలు చెప్పనివ్వండి. మామూలు టీ పొడి, గ్రీన్ టీ రెండూ ఒకే మొక్క ఆకులే. కోసిన ఆకును నలిపి గాలికి వదిలేస్తే అందులోని ఎంజైములు పనిచేసి నల్లబడుతుంది, అది మన టీ పొడి. గ్రీన్ టీ కోసమైతే జపాన్ వాళ్ళు కోసిన కాసేపటికే ఆకుకు ఆవిరి పట్టిస్తారు, చైనా వాళ్ళు ఎక్కువగా బాణలిలో వేయిస్తారు. ఆ దెబ్బకు ఎంజైములు ఆగిపోయి ఆకు పచ్చగా మిగులుతుంది. "చూశారా, కాపాడింది మా ఆవిరేగా!" అని తమ వకీలు లేస్తాడని నాకు తెలుసు. నిజమే, కాదనను. కానీ ఆ ఆవిరి నిమిషం అటూ ఇటూగా పని చూసుకుని వెళ్ళిపోతుంది. తమరిలా పేపరు అయ్యేదాకా తిష్ఠ వేయదు.

జపాన్‌లో రోజూ తాగే సెంచా రకానికి 70, 80 డిగ్రీల వేడి, ఒకటి రెండు నిమిషాల సమయం చాలు. తమరు 100 డిగ్రీలతో మీద పడితే ఆకులోని కాటెకిన్లు అనే పదార్థాలు, కెఫీన్ ఒక్కసారిగా దిగుతాయి. బావగారు మందు అనుకుంటున్న ఆ చేదూ వగరూ చాలావరకు అవే. థర్మామీటరు లేని ఇంట్లో మూడు వంతులు తమరు, ఒక వంతు మామూలు నీళ్ళు కలిపితే దాదాపు సరిపోతుంది. (మే నెల మధ్యాహ్నం మా మేడ మీద ట్యాంకు నీళ్ళకు ఆ పాటి కలుపు కూడా అక్కర్లేదేమో అనిపిస్తుంది గానీ, అది వేరే అర్జీ.)

అసలు విషయానికి వస్తాను. ఈ ఎండల్లో తమరు రానే అక్కర్లేదు. జపాన్‌లో వేసవికి చన్నీళ్ళతోనే ఈ టీ చేస్తారు, దాన్ని మిజుదాషి అంటారు. లీటరు చల్లటి మంచినీళ్ళ సీసాలో నాలుగైదు టీ బ్యాగులు గానీ, ఎనిమిది పది గ్రాముల ఆకు గానీ వేసి, మూత పెట్టి రాత్రి ఫ్రిజ్‌లో పెట్టడమే. ఆరు నుంచి ఎనిమిది గంటల్లో తయారు. చన్నీళ్ళలో చేదు పదార్థాలూ కెఫీనూ తక్కువగా దిగుతాయి, థియనైన్ అనే కమ్మటి పదార్థం మాత్రం బాగానే దిగుతుంది. అందుకే తేనె డబ్బా వైపు చెయ్యి పోదు. పొద్దున్నే ఆకు తీసేసి, తాగేటప్పుడు నాలుగు పుదీనా ఆకులు నలిపి వేసుకుని, నిమ్మరసం పిండుకుంటే చాలు. నానబెట్టిన సబ్జా గింజలు నాకిష్టం, మా అక్కకు చిరాకు.

"అంతసేపు ఎవరు ఆగుతారు?" అని తమరు నవ్వవచ్చు. పాలు తోడుపెట్టి తెల్లారేదాకా ఆగే జాతి మాది. ఈలోపు చుట్టాలు ఊడిపడితే వేరే ఉపాయం ఉంది. సగం నీళ్ళతో, తమరిని కాస్త చల్లార్చి, రెండు నిమిషాల్లో చిక్కగా దించి, గ్లాసు నిండా ఐసు ముక్కల మీద పోసేస్తాం.

ఇంతా తిట్టి, తమ మేలు ఒకటి దాచను. ఫిల్టరు లేని ఇళ్ళలో ఆ సీసాలో పోసే నీళ్ళు ముందు తమ చేతుల్లో పడి, చల్లారి రావాల్సిందే. చన్నీళ్ళు క్రిముల్ని చంపలేవు. బాల్కనీ ఎండలో సీసా పెట్టి టీ దించే తెలివిమంతుల కంటే తమరే నయం. ఆ గోరువెచ్చటి నీళ్ళు క్రిములకు పెళ్ళి భోజనం. కాచిన టీ అయినా, నానిన టీ అయినా ఫ్రిజ్‌లోనే ఉంచి మర్నాటికల్లా అవగొట్టాలి.

అలాగని గ్రీన్ టీని నెత్తిన పెట్టుకోమనీ అనను. ఎండలో తిరిగొచ్చినవాడికి ముందు ఇవ్వాల్సింది ఉప్పేసిన మజ్జిగే. అన్నంతోపాటు ఈ టీ తాగితే ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు, కాబట్టి భోజనానికీ దీనికీ మధ్య గంటైనా ఎడం ఉండాలి. బిర్యానీ తిని, వెంటనే గ్రీన్ టీ తాగి, లెక్క సరిపోయిందనుకునేవాళ్ళకు విడిగా ఉత్తరం రాస్తాను.

కావున తమరు పొద్దున్న డికాషన్‌తో, కోడిగుడ్లతో తృప్తిపడి, మృగశిర కార్తె వచ్చేదాకా ఆ పచ్చ డబ్బా ఛాయలకు రాకూడదని మనవి.

ఇట్లు,
తమ ఆవిరికి రెండుసార్లు చెయ్యి కాల్చుకున్న విధేయుడు

తా.క. బావగారికి నిన్న చన్నీళ్ళ టీ ఇచ్చాం. గ్లాసు ఖాళీ చేసి, "బాగుంది గానీ, ఇది పనిచేయదు" అన్నారు.