జతపరచినవి: ఏమీ లేవు

మన జనం జాబులు రాయడం మానేశారని బాధపడేవాళ్లు ఒక సోమవారం చిత్తూరు కలెక్టరేట్‌కు వచ్చి చూడాలి. ఏ చేతిలో చూసినా తెల్లకాగితమే. దానికి ఆధార్ జెరాక్సు, పాసుపుస్తకం జెరాక్సు, పోయిన సోమవారం ఇచ్చిన అర్జీ జెరాక్సు. 'దివ్యసముఖమునకు' అని మొదలయ్యే ఆ కాగితంలో ఉన్నంత వినయం కన్నతల్లికి రాసిన జాబులో కూడా ఎన్నడూ లేదు.

కలెక్టరు గారి తర్వాత మనం కాగితం పంపేది ఏడుకొండలవాడికే. మొదటి శుభలేఖ, నాలుగు మూలలా పసుపు పూసి, పోస్టులో. కొండ మీంచి అక్షింతలొస్తాయి. అదే శుభలేఖ వాట్సాప్‌లో అందుకున్న మేనమామ బొటనవేలు చూపించి ఊరుకుంటాడు.

మిగతా బంధువులకు రాద్దామన్నా కాగితమేదీ? తిరుపతి గాంధీరోడ్డులో జాబు రాసుకునే కాగితాలు కావాలంటే "రిమ్ము తీసుకోండి సార్" అంటారు. రిమ్ముకు ఐదొందల కాగితాలు. అన్ని కాగితాలకు సరిపడా బంధుప్రీతి తిరుపతి మొత్తం వెతికినా దొరకదు. పైగా 80 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు 80 గ్రాములు తూగే ఏ4 కాగితం ఒక్కోటి 5 గ్రాములు. 5 రూపాయల స్టాంపుకు తపాలా శాఖ మోసేది 20 గ్రాములే. కవరు బరువు పోను ప్రేమ మూడు కాగితాల్లో ముగియాలి. నాలుగోది అత్తగారి సంగతులు కాబట్టి దానికి ఇంకో స్టాంపు వేయడం న్యాయమే.

ఈ లెక్కలేవీ లేని మహానుభావురాలు, మడిచి అంటిస్తే తానే కవరయ్యే ఇన్‌లాండ్ లెటర్. 1950లో పుట్టింది. లోపల ఏమీ పెట్టకూడదని షరతు. అందువల్ల డబ్బు పంపమని అడగడానికే తప్ప పంపడానికి పనికొచ్చేది కాదు. ఎస్వీ యూనివర్సిటీ హాస్టళ్లకు అంతకన్నా అనుకూలమైన కాగితాన్ని ఏ ప్రభుత్వమూ తయారు చెయ్యలేదు. క్షేమ సమాచారం ఒక లైను, ఫీజు వివరాలు రెండు మడతలు, చోటు చాలక అంచుల్లో తలకిందులుగా "చెల్లిని అడిగినట్టు చెప్పండి".

కనుక ప్రభుత్వానికి నా విన్నపం: ఇంటి జాబులను కూడా అర్జీలుగా పరిగణించి రసీదు నంబరు ఇవ్వాలి. బెంగళూరులో ఉన్న కొడుక్కి చంద్రగిరి నుంచి తల్లి రాస్తుంది. విషయం: సంక్రాంతికి ఇంటికి వచ్చుట గురించి. జతపరచినవి: పోయిన ఏడాది అర్జీ నకలు.

గడువులోగా కొడుకు జవాబివ్వాలి. "మీ అర్జీ పరిశీలనలో ఉన్నది" అన్నా చాలు, ఆమె దాన్ని దిండు కింద పెట్టుకుంటుంది.